మెడ సంగతి తర్వాత, ముందు కళ్లు చూపించండి

ప్రశ్న: మా పాప 27 వారాలకే 920 గ్రాముల బరువుతో పుట్టింది. రెండు నెలలకు పైగా ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంచి పంపారు. ఇప్పుడు ఐదు నెలలు నిండినా మెడ నిలపడం లేదు. మామూలుగా ఎదుగుతుందా? కళ్లు ఒకసారి పరీక్షించి మళ్లీ రమ్మన్నారు కానీ, ఎండలకు భయపడి తీసుకెళ్లలేదు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ పాప 13 వారాలు, అంటే మూడు నెలలు ముందే పుట్టిందమ్మా. ఎదుగుదల చూసేటప్పుడు ఆ మూడు నెలలూ తీసేయాలి. ఆ లెక్కన పాపకిప్పుడు రెండు నెలలే. ఆ వయసుకు మెడ నిలవకపోవడం మామూలే. మీ ముఖం చూసి నవ్వుతోందా లేదా గమనించండి. రెండేళ్లు వచ్చేదాకా ఇదే లెక్క. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన మాట. ఇంత ముందుగా పుట్టిన పిల్లల్లో రెటీనాకు, అంటే కంటి వెనక ఉండే చూపు పొరకు రక్తనాళాలు పూర్తిగా అల్లుకుని ఉండవు. పుట్టాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే రెటీనా ఊడిపోయి చూపు శాశ్వతంగా పోవచ్చు. దీన్నే ఆర్ఓపీ అంటాం. ఎరుపు, పుసి, నీరు కారడం ఏమీ ఉండవు, పైకి కన్ను చక్కగానే కనిపిస్తుంది. అందుకే పుట్టిన రెండు మూడు వారాలకే పరీక్ష మొదలుపెట్టి, నాళాలు పూర్తిగా పెరిగేదాకా వారం, రెండు వారాలకోసారి చూస్తారు. మధ్యలో ఆపేస్తే చూపించనట్టే. అవసరమైతే లేజర్ చేయడానికి, ఇంజక్షన్ ఇవ్వడానికి ఉండే గడువు కొద్ది రోజులే. ఇప్పటికే ఆలస్యమైంది. రేపే విజయవాడ పక్కన తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రికి గానీ, పసిపిల్లల రెటీనా చూసే మరో డాక్టరు దగ్గరికి గానీ వెళ్లండి. ఎండ అనుకుంటే పొద్దున్నే బయల్దేరండి.

శబ్దం చెవి నుంచి మెదడుదాకా చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష చేయించారా? ఎన్ఐసీయూలో ఉన్న పిల్లలకు లోపలి చెవి వరకే చూసే ఓఏఈ పరీక్ష ఒక్కటే చాలదు.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అంటుంటారు పెద్దలు. అది ఉత్తమాట, కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. మీ పాపలా పుట్టినవాళ్లు చాలామంది చక్కగా బడికెళ్తున్నారు. కొందరికి నడక, మాట ఆలస్యమవుతాయి, కొందరికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలికలు సరిగా లేకపోవడం) వస్తుంది. ఐదు నెలలకే తేల్చి చెప్పలేం. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు కత్తెరలా బిగుసుకుంటున్నా, పిడికిళ్లు ఎప్పుడూ మూసే ఉంటున్నా ఫిజియోథెరపీ వెంటనే మొదలుపెట్టాలి. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలతోపాటు ఎన్ఐసీయూలో తీసిన తల స్కాన్ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. మెదడులో రక్తస్రావం జరిగిందేమో ఆయన ముందు అదే చూస్తారు.