పూత గిల్లే కాలం: తిరుపతిలో వున్న మా అబ్బోడికి

నాయనా,

వందనాలు. నువ్వు రాత్రి పెట్టిన మెసేజ్ పొద్దున్నే తోటకాడ చూసినా. బాప్తిస్మం తీసుకొని ఏడాదైంది పెదనాయనా, కోపం పోలేదు, బైబిల్ తెరిస్తే మనసు ఎండిపోయినట్టు వుంటాది, ఇప్పుడేమో యూత్ మీటింగ్‌లో వాక్యం చెప్పమంటా వుండారు అని రాసినావే, ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాదని రాస్తా వుండా, తీరిగ్గా చదువు. నాకు తెలిసినవి రెండే, మామిడి, బైబిలు. నలభై ఏళ్లుగా రెండూ పక్కపక్కనే పెట్టుకొని చూస్తా వుండా, ఒకటి అర్థం కాకపోతే రెండోదాని దగ్గరికి పోతా.

ముందు లేవీయకాండం 19వ అధ్యాయం తియ్యి, 23 నుంచి 25 దాకా. కొత్తగా నాటిన చెట్టు కాయ మూడేళ్లు తినకూడదు, నాలుగో ఏడుది దేవునికి స్తుతిగా పోవాల, ఐదో ఏడు నుంచి నువ్వు తిను అని వుంటాది. పాత ఆజ్ఞలే అని చానామంది దాటేస్తారు, అంటు మొక్క నాటినోడు మాత్రం దాటలేడు. దేవుడు వ్యవసాయం నేర్పడానికి ఆ మాట రాయించినాడని నేననను గానీ, దాన్ని చదివితే నా కళ్ల ముందుకొచ్చేది తోటే. అంటు మొక్క నాటిన రెండో ఏడే పూత పడతాది, మోకాలెత్తు మొక్క, నెత్తిన పూత, ఎంత ముచ్చటగా వుంటాదో. దాన్ని గిల్లెయ్యాల. గిల్లతా వుంటే వేళ్లకి జిగురు అంటుకుంటాది, ఆ పచ్చి వాసన సాయంత్రం దాకా చేతిని వదలదు, మనసు గూడా ఒప్పదు. గిల్లకపోతే మొక్క బలమంతా కాయకే పోతాది, వేరు దిగదు, కొమ్మ గట్టిపడదు.

నా మొదటి తోటలో ఆశపడి గిల్లలేదు నేను. కాయ బరువుకి కొన్ని మొక్కలు వంగి కాండం చీలిపోయింది, మిగిలినవి ఎన్నేళ్లైనా ఎదగలేదు. విశ్వాసంలో గూడా అదే చేసినా. రక్షణ పొందిన ఏడాదికే చేతికి మైకు ఇచ్చినారు, బాగా మాట్లాడతాడని పేరొచ్చింది, పాకాల, దామలచెరువు, చిత్తూరు యాడ మీటింగ్ వుంటే ఆడికి పిలిచేవాళ్లు, దీర్ఘశాంతం మీద గంట చెప్పి ఇంటికొచ్చి కూరలో ఉప్పు ఎక్కువైందని మీ పెద్దమ్మ మీద అరిచేవాణ్ణి. ఆయమ్మ పళ్లెం తీసుకొని వంటింట్లోకి పోయి గోడవైపు తిరిగి కూర్చునేది. ఆ వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తాది నాయనా, ప్రార్థనలో కూర్చుంటే. అందుకే చెప్తా వుండా, యూత్ మీటింగ్‌కి ఈసారి వద్దని చెప్పు. పాస్టరయ్య దగ్గరికి నువ్వే పోయి, అయ్యా ఇంకా వేరు దిగలేదు అని చెప్పు, ఆయన తప్పుగా అనుకోడు. కుర్చీలు వెయ్యి, చాపలు దులుపు, కూటం అయినాక ముసలోళ్లని బండి మీద ఇంటికాడ దింపు.

ఇంక కోపం సంగతి. అంటు కట్టిన చోటికి కింద నుంచి నాటు చిగురు లేస్తాది చూసినావా. వేలెడు వున్నప్పుడు గోటితో పోతాది, ఏడాది వదిలితే కత్తి కావాల, ఇంకా వదిలేస్తే పైన కట్టిన బేనీషా, అదే బంగినపల్లి, ఎండిపోయి కింద పులుపు కాయల నాటు చెట్టు నిలబడతాది. కోపం పుట్టిన పూటే, ఎఫెసీ పత్రికలో చెప్పినట్టు పొద్దు గుంకేలోపే, ఆ మనిషి దగ్గరికి పోయి తప్పైంది అను, దేవుడికి చెప్పుకున్నాలే అని ఊరుకోబాక.

ఇందులోనే ఇంకో మాట వుంది, అది నాకు తెలిసేసరికి సగం వయసు అయిపోయింది. మనం నాటు మొక్క వేరు మీద మంచి చెట్టు పుల్ల కడతాం. పౌలు రోమా 11లో దాన్ని తిరగేసి చెప్తాడు, అడవి ఒలీవ కొమ్మని కోసి మంచి ఒలీవ చెట్టుకి అంటు కట్టినారు, అది ‘స్వభావవిరుద్ధముగా’ అంటాడు. మన పక్క ఏ రైతూ చెయ్యని పని అది, పులుపు పుల్ల తెచ్చి బేనీషాకి ఎవడు కడతాడు! ఆ పులుపు పుల్ల నువ్వూ నేనూ. చెట్టేమో మనం పుట్టకముందెప్పుడో దేవుడు నాటుకున్నది. 18వ వచనంలో వేరే నిన్ను మోస్తా వుంది, నువ్వు వేరుని మొయ్యడం లేదంటాడు. కోపం పోలేదని చెప్పి కట్టు విప్పుకోబాక నాయనా, అంటు అతుక్కునేదాకా పుల్ల చేసే పని కదలకుండా వుండడమే.

మనసు ఎండిపోయిందన్నావు. ఇప్పుడు డిసెంబరు కదా, తోటకి నీళ్లు ఆపేసినా. ఈ రోజుల్లో మామిడి చెట్టు కొంచెం వాడిపోవాల, అప్పుడే పూతకి తిరుగుతాది, పాపం ఎండతా వుందే అని బోరు వేసినామంటే పూత రావాల్సిన చోట ఆకు వస్తాది. నీ ఎండు అట్లాంటిది కావచ్చు. అట్లని ప్రతి ఎండూ అదే అని నేను చెప్పను, కాలువ పూడిపోయి ఎండినా చెట్టు ఎండినట్టే కనిపిస్తాది. మొదటి కీర్తనలో ‘నీటికాలువల యోరను’ నాటిన చెట్టు అంటాడు, హెబ్రీలో ఆ మాటకి పాయలుగా చీల్చి తీసుకుపోయే నీళ్లని అర్థం, అంటే మనం చేనుకి తవ్వుకునే కాలువలాంటిది. కాలువలో మట్టి పడతాది, గడ్డి మొలుస్తాది, ఎప్పటికప్పుడు పార పెట్టి తియ్యాల్సిందే. కాబట్టి పొద్దున లేస్తానే ఫోన్ ముట్టకుండా ఒక్క కీర్తన చదువు, బయటికి చదువు, నీ చెవికి వినపడేటట్టు. నలభై దినాలు చేసి అప్పటికీ ఎండే అంటే అది పూత ఎండు, ఓర్చుకో. యాకోబు గూడా తన పత్రికలో రైతునే చూపించినాడు కదా, తొలకరి, కడవరి వానలకి కాచుకొని వుంటాడని. మనకి తొలకరంటే జూన్, వాళ్ల దేశంలో అక్టోబరు, నవంబరు, కడవరి వాన మార్చి, ఏప్రిల్. ఆ రెండిటికీ నడిమధ్య చానా నెలలు ఆ రైతు చేనుగట్టున నిలబడాల.

అన్నట్టు, వాట్సాప్‌లో పంపినావే, గద్ద నలభై ఏళ్లకి కొండెక్కి ముక్కు ఊడగొట్టుకొని, ఈకలు పీక్కొని మళ్లీ యవ్వనం తెచ్చుకుంటాదని, అది ఎవరికీ పంపబాక. నిజం కాదది, ముక్కు లేకుండా దినాల తరబడి ఏ పక్షీ బతకదు. యెషయా 40లో అట్లాంటి మాట ఒక్కటీ లేదు, ఎదురుచూసేవాళ్లు పక్షిరాజుల మాదిరి రెక్కలు చాపి ఎగురుతారని వుంది, అంతే. దేవుడు చేసిన పక్షి గురించి అబద్ధం చెప్పి దేవుణ్ణి మహిమపరచలేము. శేషాచలం కొండ కిందే వుండావు కదా, ఆదివారం ఆరాధన అయినాక కొండవైపు చూస్తా కాసేపు కూర్చో, గద్ద రెక్క కొట్టకుండా గాలి మీద అట్లే పైకి లేస్తాది, నీ కళ్లతో చూడు.

సంక్రాంతికి రా. పాకాల దాకా రైల్లో వచ్చేయ్, బండి తీసుకొని నేనొస్తా. కింద చేనులో పోయినేడు నాటిన మొక్కలు అప్పటికి పూత పట్టింటాయి, నూటికి పైనే వుండాయి, నాకు నడుము వంగడం లేదు. ఇద్దరం చెరో సాలు పట్టుకొని గిల్లుదాం.

మీ పెదనాయన