రాతప్రతి ఇస్తే కొట్టేస్తారేమో అన్న భయం గురించి

కథల సంపుటి వేయించడానికి రాతప్రతి ఇవ్వాలంటే ఎవరైనా కొట్టేసి తమ పేరు పెట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది, ముందే రిజిస్టర్ చేయించుకోవాలా అని అడిగారు. ఆ సంగతికి వస్తాను గానీ, ముందు ఇది చెప్పండి, మీ దగ్గర ఇంకో కాపీ ఉందా?

అప్పట్లో నా దగ్గర లేదు. పదకొండు కథలున్న నోటుపుస్తకాన్ని ప్రచురణకర్తకి అలాగే ఇచ్చేశాను, ఎలాగూ అచ్చవుతుంది కదా జిరాక్స్ ఎందుకనుకుని. ఏడాది పాటు వచ్చే నెల, వచ్చే నెల అన్నారు, తర్వాత ఆఫీసు మారారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. కథలు ఎవరూ కొట్టేయలేదండీ, ఎవరికీ అక్కర్లేక ఎక్కడో పోయాయి, అంతే. ఏడు కథలు అంతకుముందే పత్రికల్లో వచ్చాయి కాబట్టి బతికాయి. అందులో ఒకటి స్నేహితుడు కత్తిరించి దాచిన కాగితంగా దొరికింది. పత్రికల కాగితంలో ఆమ్లం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. నేను విప్పుతుంటే మడత దగ్గర రెండు లైన్లు పొడిగా రాలిపోయాయి. వాటిని ఊహించి రాసుకున్నాను, ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి వేరే ఎవరో రాసినట్టుంటుంది. మిగతా నాలుగూ మళ్లీ రాద్దామని కూర్చుంటే రెండే వచ్చాయి. 1835లో బ్రిటిష్ రచయిత కార్లైల్ తన ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటం రాతప్రతిని చదవమని స్నేహితుడు, తత్వవేత్త మిల్‌కి ఇస్తే, అక్కడ చిత్తుకాగితాలనుకుని కాల్చేశారట. కార్లైల్ ఆ సంపుటం మొత్తం మళ్లీ రాశాడు. అంత మొండితనం మనందరికీ ఉండొద్దూ!

ఇక రిజిస్ట్రేషన్. కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో (అంటే దాదాపు అన్నిచోట్లా) రాసినవారికి కాపీరైట్ దానంతటదే వస్తుంది, రిజిస్టర్ చేయాలన్న షరతు లేదు. చేయిస్తే గొడవ వచ్చినప్పుడు రుజువుగా పనికొస్తుంది. అయితే రక్షణ మీరు రాసిన తీరుకే, ఆలోచనకు కాదు, అదే ఇతివృత్తంతో ఇంకొకరు తమ కథ తాము రాసుకోవచ్చు. కవర్లో పెట్టి మన అడ్రసుకే పోస్టు చేసుకునే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, దాన్ని నమ్ముకోకండి. తేదీలతో ఉన్న చిత్తుప్రతులు, పంపిన ఈమెయిళ్లు దాచుకోండి చాలు.

అసలు జాగ్రత్త ఒప్పందం కాగితం దగ్గర కావాలి. "సర్వహక్కులూ" అని ఉంటే సంతకం పెట్టకండి. ఎన్ని నెలల్లో పుస్తకం తేవాలి, తేకపోతే హక్కులు మీకెప్పుడు తిరిగొస్తాయి, ప్రతులు అయిపోయాక మళ్లీ వేయకపోతే ఏంటి, ఈ మూడూ రాయించుకోండి. ఆడియో, అనువాదం విడిగా మాట్లాడుకోండి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది, నాకూ ఉండేది, అందుకే ఈ కథంతా చెప్పాల్సి వస్తోంది.

పుస్తకం వచ్చాక డీటీపీ ఫైలు (కంప్యూటర్లో పేజీలు కూర్చింది) కూడా అడిగి తీసుకోండి, యూనికోడ్‌లో, అంటే ప్రత్యేకమైన పాత ఫాంట్ లేకపోయినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో. నా రెండో పుస్తకం ఫైలు కొన్నేళ్లకి తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, పేజీ నిండా కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలూ పౌండు గుర్తులూ. ఆ పాత ఫాంట్ నా కంప్యూటర్లో లేదు మరి. పీడీఎఫ్ కంటికి బాగానే కనిపించింది గానీ, కాపీ చేసి పేస్ట్ చేస్తే మళ్లీ అదే చెత్త. చివరికి నూట నలభై పేజీలు కూర్చుని టైపు చేశాను.

ఇంకోటి, మీ తర్వాత హక్కులు ఎవరివో ఇంట్లో రాసిపెట్టండి. బెర్న్ లెక్కన రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, చాలా దేశాల్లో అంతకంటే ఎక్కువే. ఒక పెద్దాయన కవితల్ని మేం కొందరం కలిసి మళ్లీ వేద్దామనుకున్నాం, కంపోజింగ్ కూడా అయిపోయింది. అనుమతి ఇవ్వాల్సిన వారసులెవరో తెలియక ఆ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది.