పాత కట్టడాలను విపత్తుల నుంచి కాపాడటం: ముందు చేసే పని, తర్వాత వారం రోజుల పని

ప్రశ్న: వరదలు, భూకంపాలు, మంటలు, యుద్ధాలు వచ్చినప్పుడు పాత కట్టడాలనూ మ్యూజియాలనూ నిజంగా కాపాడగలమా? మనుషుల ప్రాణాలకే దిక్కు లేనప్పుడు రాళ్ల సంగతి ఎవరు చూస్తారు? మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు:

కాపాడగలం. కాకపోతే విపత్తు మీద పడిన ఆ గంటలో మన చేతిలో ఉండేది చాలా తక్కువ. అంతకు ముందు మామూలు రోజుల్లో చేసిన పని, ఆ తర్వాత మొదటి వారం పది రోజుల్లో చేసే పని, ఈ రెండే ఏది మిగులుతుందో తేలుస్తాయి. పాత కట్టడాల కొలతలు తీసి రికార్డు చేయడం నా వృత్తి. తడిసిన తాళపత్రాలను, కాగితాలను ఆరబెట్టే బృందాలతోనూ పనిచేశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు మీ రెండో ప్రశ్న. మనుషులు శిథిలాల కింద చిక్కుకుని ఉన్నంతసేపు శిల్పాల గురించి ఎవరూ మాట్లాడకూడదు. సహాయక బృందాలు వెతకడం ముగించి పక్కకు జరిగాకే మా పని మొదలవుతుంది. కానీ ప్రాణాలా, రాళ్లా అనే పోటీ బయటివాళ్ల మాటల్లో కనిపించినంతగా అక్కడ ఉండేవాళ్లలో నాకు కనిపించలేదు. ఒకచోట ఇల్లు పూర్తిగా పోగొట్టుకున్న ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చి మొదట అడిగింది, కూలిన మండపం స్తంభాలను లారీ ఎక్కించనివ్వొద్దని. తన ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు, ఇది మళ్లీ రాదు అన్నాడు. అలాంటివాళ్లు దాదాపు ప్రతిచోటా ఎదురయ్యారు.

అసలు నష్టం ఎక్కువగా నేను చూసింది శుభ్రం చేసే రోజున. గోడ కూలుతుంది, పైకప్పు పడుతుంది. కొన్నాళ్లు ఎవరూ దగ్గరికి రారు. తర్వాత ఒక పొద్దున జేసీబీ వస్తుంది. దారి తెరవాలి, పెద్దలు చూడటానికి వస్తున్నారు, ఈలోగా స్థలం చదును కావాలి. చెక్కిన రాయి, విరిగిన ఇటుక, దూలం ముక్క, మట్టి అన్నీ ఒకే లారీలో కలిసిపోతాయి. కట్టడం కూలినప్పుడు ముక్కలయింది, అంతే. ఆ లారీ కదిలినప్పుడు మాత్రం పూర్తిగా పోతుంది.

ఎందుకంటే కదపనంతసేపు ఆ కుప్పలో ప్రతి ముక్కా తాను ఎక్కడి నుంచి పడిందో చెబుతుంది. ఏ దూలం ముందు విరిగింది, ఏ స్తంభం ఎటు ఒరిగింది, ఏ రాయి మీద ఏ రాయి కూర్చునేది, అన్నీ అందులో ఉంటాయి. అందుకే మేం ముందు నాలుగు వైపుల నుంచీ, వీలైతే పై నుంచీ ఫొటోలు తీస్తాం. తాళ్లు కట్టి కుప్పను గళ్లుగా విడదీసి ఒక్కో గడికి ఒక అక్షరం పెడతాం. రాయిని ఎత్తే ముందే దానికి నంబరు పడాలి. చెక్కడం ఉన్న ముఖాన్ని ముట్టుకోకుండా, గోడలో దాగి ఉండే వైపు సుద్దతో రాస్తాం. వాన పడేలా ఉంటే నంబరు రాసిన బిళ్లను తాడుతో కడతాం. పెయింటు పూస్తే తర్వాత వదిలించడం నరకం. చెక్క ముక్కలను నేల మీద పెట్టకుండా దిమ్మెల మీద, గాలి ఆడేలా, కప్పు కింద పెట్టాలి.

పని ఆపించడం గురించి ఒక మాట. మొత్తం ఆపండి అంటే ఎవరూ ఆపరు, ఆపలేరు కూడా. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా మీరు తీసుకెళ్లొచ్చు, ఈ తాడు లోపల మాత్రం మేం చేత్తో తీస్తాం అని గీత గీసి చూపిస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు. యంత్రం నడిపే మనిషికే ఒక చెక్కిన ముక్క చూపించి, ఇలాంటిది కనిపిస్తే ఆపమని చెబితే, ఆయనే అందరికంటే జాగ్రత్తగా చూస్తాడు.

ఇది గాలిమాట కాదనడానికి నేపాల్ చాలు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో పాటన్ దర్బార్ చౌక్‌లో గుళ్లు కూలాక స్థానికులు, పోలీసులు, సైనికులు కలిసి చెక్కిన కర్రలను, రాళ్లను ఏరి రాజభవనం ఆవరణలోకి చేర్చారు. తర్వాత ఆ గుళ్లు లేచింది చాలావరకు ఆ పాత చెక్కతోనే. బ్రెజిల్‌లో రియో జాతీయ మ్యూజియం 2018 సెప్టెంబరు 2 రాత్రి తగలబడింది. దాదాపు 2 కోట్ల వస్తువుల సేకరణ అది. అంతా బూడిదే అనుకున్నారు. అయినా ఆ బూడిదను జల్లెడ పట్టారు. అమెరికా ఖండాల్లో దొరికిన అతి ప్రాచీన మానవ అవశేషాల్లో ఒకటైన ‘లూజియా’ పుర్రె ముక్కలు అక్టోబరుకల్లా చాలావరకు దొరికాయి. జర్మనీలో కొలోన్ నగర పురాలేఖల భవనం 2009 మార్చి 3న పక్కన మెట్రో పనులు జరుగుతుండగా కుప్పకూలింది. శతాబ్దాల నాటి పత్రాలు మట్టిలో, ఊట నీటిలో పడ్డాయి. వాటిలో అత్యధిక భాగాన్ని తవ్వి తీయగలిగారు. ముక్కలను ఒకదానికొకటి కలిపే పనికి దశాబ్దాలు పడుతుంది. ఈ మూడు చోట్లా చివరికి చేతికి దక్కినవన్నీ, ఎవరో ఒకరు వాటిని చెత్తగా చూడకపోవడం వల్లే దక్కాయి.

ఇక నీళ్లు. వరద తగ్గగానే ఒక పాత గ్రంథాలయంలోకి వెళ్లాం. మేం వెళ్లేసరికి సిబ్బంది పుస్తకాలను ఎండలో పరిచేశారు. మంచి మనసుతో చేసిన పనే. కానీ నీళ్లు తాగిన కాగితం ఎండకు వంకర్లు తిరిగి బిగుసుకుపోతుంది, నున్నటి కాగితమైతే పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఇక విడవవు. తాళపత్రాలు ఎండకు ముడుచుకుని పెళుసెక్కి చీలతాయి. చేయాల్సింది నీడలో, గాలిలో, నెమ్మదిగా. బురద ఎండకముందే, పుస్తకాన్ని మూసి పట్టుకునే, మంచినీళ్లలో మెల్లగా కడగాలి. సిరా కరిగేదైతే అదీ వద్దు. పేజీల మధ్య పీల్చుకునే కాగితం పెట్టి మారుస్తూ ఉండాలి. తాళపత్రాల్లో ఒక ఊరట ఉంది. అక్షరాన్ని గంటంతో గీస్తారు కాబట్టి, కనిపించడానికి గీతల్లో పూసిన మసి కొట్టుకుపోయినా గీత మిగులుతుంది, తర్వాత మళ్లీ మసి పూసి చదవొచ్చు.

బూజుకు గడువు దాదాపు రెండు రోజులే. వేల పుస్తకాలు తడిస్తే ఆ గడువులో ఆరబెట్టడం ఎవరి వల్లా కాదు. అప్పుడు దారి, గడ్డకట్టించడం. ప్రాగ్‌లో 2002 వరదల తర్వాత తడిసిన పుస్తకాలను శీతల గిడ్డంగులకు చేర్చింది ఇందుకే. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు, సిరా పాకదు. తర్వాత తీరిగ్గా, శూన్యంలో ఆ మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరి చేసి ఆరబెడతారు. అందుకని ఏ గ్రంథాలయమైనా దగ్గర్లో పెద్ద ఫ్రీజర్ గిడ్డంగి ఎవరిది, రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి ఎవరు అన్నది వానాకాలానికి ముందే రాసి పెట్టుకోవాలి. 1966 నవంబరు 4న ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది పొంగి జాతీయ గ్రంథాలయం నేల అంతస్తులు మునిగినప్పుడు ఈ విషయాలు ఎవరికీ ఇంత బాగా తెలియవు. దేశదేశాల నుంచి వచ్చిన కుర్రవాళ్లు బురదలో నిలబడి పుస్తకాలను చేతుల మీదుగా అందించుకున్నారు. ఇవాళ మనం వాడే పద్ధతుల్లో చాలా భాగం ఆ బురదలోంచే పుట్టింది.

తడిసిన గోడలకూ తొందర పనికిరాదు. హీటర్లు పెట్టి ఆరబెడితే లోపలి లవణాలు ఒక్కసారిగా పైకొచ్చి రాతి పొరను, రంగుల పొరను ఊడగొడతాయి. కిటికీలు తెరిచి నెలల తరబడి ఓపిక పట్టడమే వైద్యం.

మంటల విషయంలో నేను కాస్త కటువుగానే మాట్లాడతాను, ఎందుకంటే వాటిలో చాలావరకు ఆపగలిగినవే. పాత వైరింగు, మరమ్మతు పనుల్లో వెల్డింగు, వాడకం మించిన ప్లగ్గులు. రియోలో దర్యాప్తు ఒక ఎయిర్ కండిషనర్ దగ్గర మంట మొదలైందని తేల్చింది. పైగా దగ్గరలోని హైడ్రెంట్లలో, అంటే మంటలార్పేందుకు పెట్టిన కొళాయిల్లో, నీళ్లు రాలేదు. పారిస్‌లోని నోటర్‌డామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న, కోపెన్‌హేగన్ పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం 2024 ఏప్రిల్ 16న, రెండూ మరమ్మతులు జరుగుతుండగానే కాలాయి. పాత కట్టడానికి మరమ్మతు కాలమే అన్నింటికంటే ప్రమాదకరమైన కాలం. వెల్డింగు ఆగాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే కూర్చుని చూడాలనే నియమం ఏ పరికరం కంటే తక్కువది కాదు.

నోటర్‌డామ్‌లో రెండు పాఠాలూ పక్కపక్కనే ఉన్నాయి. అలారం మోగినా చూడాల్సిన చోటు తప్పుగా అర్థమై దాదాపు అరగంట పోయింది. అదే రాత్రి, ఏది ముందు బయటికి తేవాలో ముందే తెలుసు కాబట్టి క్రీస్తుదని నమ్మే ముళ్ల కిరీటంతో సహా ముఖ్యమైనవి బయటపడ్డాయి. అంతకు ఏళ్ల ముందే ఆండ్రూ టాలన్ అనే కళా చరిత్రకారుడు ఆ చర్చిని లేజరుతో కొలిచి పెట్టిన రికార్డు పునర్నిర్మాణానికి అక్కరకొచ్చింది. ఆయన 2018లోనే కన్నుమూశారు. 2024 డిసెంబరులో తలుపులు మళ్లీ తెరుచుకోవడం ఆయన చూడలేదు.

ముందుగా తీయాల్సిన వాటి జాబితా ప్రతి మ్యూజియంలో, ప్రతి గ్రంథాలయంలో ఉండాలి. నూరు వస్తువులు రాస్తే అది జాబితా కాదు. పదో పదిహేనో చాలు. ఎక్కడుంది, ఎంత బరువు, ఎంతమంది ఎత్తాలి, ఏ తాళం, ఏ తలుపు అని ఒక్కో కాగితం. చీకట్లో, పొగలో, ఆ భవనం ఎప్పుడూ చూడని అగ్నిమాపక సిబ్బంది చేతికి ఇస్తే అర్థం కావాలి. ఏడాదికోసారి వాళ్లను లోపలికి పిలిచి తిప్పి చూపించాలి. జపాన్‌లో 1949 జనవరి 26న హోర్యూజీ ఆలయంలోని ప్రాచీన కుడ్యచిత్రాలు కాలిపోయాయి. మరుసటి ఏడే సాంస్కృతిక సంపద రక్షణ చట్టం తెచ్చారు. ఇప్పటికీ ఏటా ఆ తేదీన దేశమంతటా ఆలయాల్లో అగ్నిమాపక కసరత్తులు చేస్తారు.

భూకంపాలను ఆపలేం గానీ, అవి వెతికే బలహీనతలు మాత్రం చాలావరకు మన నిర్లక్ష్యంతో పెరిగినవే. మూసుకుపోయిన తూములు, గోడ సందుల్లో మొలిచి వేళ్లు దిగిన రావి మొక్కలు, సున్నపు గారను తీసేసి పూసిన సిమెంటు. సిమెంటు బిగుసుకుని తేమను బయటికి పోనివ్వదు, ఆ తేమ పక్కనున్న మెత్తటి రాయినో ఇటుకనో తినేస్తుంది. శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం భూకంపం లేకుండానే 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లు ముందే కనిపించాయి కాబట్టి జనాన్ని ఖాళీ చేయించగలిగారు, ప్రాణాలు పోలేదు. అదొక్కటే అందులో మంచి మాట. పగులు కనిపించిన రోజునే దాని మీద అడ్డంగా ఒక గాజు పలకను అతికించి తేదీ రాయాలి. పలక విరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. ఇంత చిన్న పని చేసినచోట్ల పెద్దవాళ్లను కదిలించడం మాకు తేలికైంది, ఎందుకంటే మాట బదులు సాక్ష్యం చూపించగలిగాం.

తెలిసి ముంచేవి కూడా ఉంటాయి. నాగార్జునసాగర్ కట్టేముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. లోయ లోయగా మిగల్లేదు, ఆ బాధ ఉంది. కానీ గడువు ముందే తెలిస్తే ఎంత చేయొచ్చో అది చూపించింది.

యుద్ధాల గురించి నాకు సొంత అనుభవం లేదు, క్లుప్తంగానే రాస్తాను. యుద్ధాల్లో సాంస్కృతిక సంపదను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1954 హేగ్ ఒప్పందం ఉంది, రక్షించాల్సిన భవనాల మీద నీలి కవచం గుర్తు ఉంటుంది. 2012లో ఆఫ్రికా దేశం మాలిలోని టింబక్టులో సమాధి మందిరాలు కూల్చినందుకు అహ్మద్ అల్ మహదీకి అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2016లో తొమ్మిదేళ్ల శిక్ష వేసింది. చట్టం అవసరమే, అయితే అది తర్వాత వస్తుంది. అదే టింబక్టు నుంచి లక్షల రాతప్రతులను పెట్టెల్లో పెట్టి రాజధాని బమాకోకు చేర్చింది అబ్దెల్ కాదర్ హైదరా వంటి గ్రంథపాలకులూ, వాళ్లకు తోడైన పడవలవాళ్లూ, డ్రైవర్లూ.

మామూలు మనిషి చేయగలిగింది ఏమిటన్నది మీ చివరి ప్రశ్న. ఫొటోలు తీయండి. మీరు ముందుండి వెనక కట్టడం కనిపించే ఫొటోలు కాదు, గోడకు ఎదురుగా నిలబడి, వంకర లేకుండా, పక్కన కొలబద్ద పెట్టి తీసినవి. ఒక్కో ఫొటో ముందుదానితో సగానికి పైగా కలిసేలా చుట్టూ తిరిగి తీస్తే, వాటి నుంచి కంప్యూటర్‌లో మూడు కొలతల నమూనా కట్టొచ్చు. ఎవరూ పట్టించుకోని మూలలు, పైకప్పు లోపలి వైపు, శాసనాల మీద పక్క నుంచి వెలుగు పడే వేళ, ఇవే తర్వాత అక్కరకొస్తాయి. తేదీ, చోటు రాసి రెండు వేర్వేరు ఊళ్లలో దాచండి. తర్వాత ఆ కట్టడాన్ని చూసుకునే మనిషిని కలిసి మూడు విషయాలు అడగండి: వాన నీరు ఎటు పోతుంది, కరెంటు ఎక్కడ ఆపుతారు, మంట వస్తే ముందు ఏది బయటికి తెస్తారు. మూడింటికీ వెంటనే జవాబు వస్తే సంతోషించండి. రాకపోతే, ఆయనతో కలిసి కూర్చుని ఆ మూడూ ఒక కాగితం మీద రాసి, ఒక ప్రతి దగ్గర్లోని అగ్నిమాపక కేంద్రంలో ఇచ్చి రండి.