హెల్త్ ప్యాకేజీలో సీఏ-125 ఎక్కువ వచ్చింది, క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఆఫీసు తరఫున చేయించిన హెల్త్ ప్యాకేజీలో సీఏ-125 అనే రక్తపరీక్ష విలువ 48 వచ్చింది, 35 దాటకూడదట. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు) తప్ప వేరే ఇబ్బంది లేదు. మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అసలు నాకు ఏ పరీక్షలు అవసరం? భయంతో నిద్ర పట్టడం లేదు. - ఒక పాఠకురాలు

జవాబు: సీఏ-125 ఈ మాత్రం పెరిగినంతనే అండాశయ క్యాన్సర్ అని భయపడనక్కర్లేదు. ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయ లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం) ఉన్నా, నెలసరి రోజుల్లో రక్తం ఇచ్చినా అది పెరుగుతుంది. అందుకే లక్షణాలు లేనివారికి దీన్ని స్క్రీనింగ్ (ముందుగా జబ్బును వెతికే) పరీక్షగా సిఫార్సు చేయరు. ప్యాకేజీ పెద్దదిగా కనిపించడానికే చేరుస్తున్నారని నా అభిప్రాయం. పాత స్కానింగ్ రిపోర్టులు తీసుకుని గైనకాలజిస్టును కలిసి, పెల్విక్ అల్ట్రాసౌండ్ చేయించుకోండి. అయితే కడుపు ఉబ్బరం, కొద్దిగా తిన్నా నిండిపోయినట్లుండటం వారాల తరబడి వేధిస్తే ఆలస్యం చేయకండి.

మీకు నిజంగా అవసరమైనవి ఆ ప్యాకేజీలో లేకపోయి ఉండవచ్చు. గర్భాశయ ముఖద్వారానికి 5 ఏళ్లకోసారి హెచ్‌పీవీ (అక్కడి క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష గానీ, 3 ఏళ్లకోసారి పాప్ స్మియర్ (అక్కడి కణాల పరీక్ష) గానీ చేయించుకోవాలి. చిన్న బ్రష్‌తో నమూనా తీస్తారు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. రొమ్ముకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) నెలసరి ముగిసిన వారంలో తీయించుకుంటే నొప్పి తక్కువగా ఉంటుంది. ఆ రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ వాడకండి. వాటి రేణువులు ఫిల్మ్‌లో కాల్షియం చుక్కల్లా కనిపించి మళ్లీ రమ్మంటారు. అలా పిలిచినా, ఏదో తేడా ఉందన్నా క్యాన్సర్ తేలినట్లు కాదు, అది బయాప్సీతోనే (చిన్న ముక్క తీసి చేసే పరీక్షతోనే) తేలుతుంది.

మేనత్త తండ్రి వైపు మనిషి కదా, లెక్కలోకి రాదనుకోకండి. వంశపారంపర్య జన్యుదోషం తండ్రి వైపు నుంచీ సంక్రమిస్తుంది. ఆమెకు ఏ వయసులో వచ్చిందో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. 50 లోపే వచ్చి ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య ముప్పుపై నిపుణుల సలహా) అవసరమా అని అడగండి.

30 దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేస్తారు. మరింత పరిశీలన అవసరమైతే హోసూరు రోడ్డులోని ప్రభుత్వ కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఎందరో అక్కడికే వస్తారు కాబట్టి కన్నడం రాదన్న బెంగ అక్కర్లేదు. నిద్ర పట్టని ఈ రోజుల్లో, మనసులోని భయాన్ని తెలుగులోనే చెప్పుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.