ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది, ఇక గర్భం నిలవదా?

రెండుసార్లు ఎనిమిదో వారంలోపే గర్భం పోయిందనీ, ఏఎన్ఏ (మన ఒంటి కణాల మీదే తిరగబడే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద తిరగబడే యాంటీబాడీలు) ఎక్కువ అని రిపోర్టు వచ్చిందనీ, ఇక పిల్లలు పుట్టరేమోనని భయంగా ఉందనీ మీరు రాశారు. చదివాక ఊరుకోలేకపోయాను. నాకు మూడుసార్లు పోయింది. మూడోసారి పదకొండో వారంలో, స్కానింగులో గుండె కొట్టుకోవడం చూశాక.

ఏఎన్ఏ ఒక్కటే చూసి కుంగిపోకండి. ఏ జబ్బూ లేని ఆడవాళ్లలో కూడా అది 1:80 లాంటి తక్కువ స్థాయిలో చాలామందికి వస్తుంది. నాకూ వచ్చింది. మొదట చూపించుకున్న చోట దాన్నే పట్టుకుని స్టెరాయిడ్లు రాసిచ్చారు, రెండు నెలలు మింగాను. అసలు చేయించాల్సిన పరీక్షలు అప్పటికి చేయించనే లేదు.

అవి మూడు, అన్నీ యాంటీఫాస్ఫోలిపిడ్ అనే యాంటీబాడీల కోసమే: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీ కార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్. రెండుసార్లు గర్భం పోయినవాళ్లు వీటిని అడిగి చేయించుకోవడం సబబే. ఈ యాంటీబాడీలు మాయకు అంటుకుని అక్కడ వాపు తెస్తాయి, రక్తం గడ్డకట్టేలా చేస్తాయి, మాయ సరిగ్గా పాతుకోదు. గర్భం రాకుండా ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు, వచ్చినదాన్ని నిలవనివ్వవు అని మా రుమటాలజిస్ట్ (కీళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బుల డాక్టర్) గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. నీళ్ల బిందె ఎత్తినందుకే పోయిందని ఇంట్లో అన్న మాట ఏడాదిగా నన్ను తినేస్తూ ఉండేది. ఆ బొమ్మ చూశాక బయటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

ఒక్కసారి పాజిటివ్ వస్తే చాలదు. ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా ఇవి కొన్నాళ్లు కనబడి పోతాయి. కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేయించాలి. ఆ మూడు నెలల టెన్షన్ మాటల్లో చెప్పలేను, కానీ ఆగడమే మంచిదైంది. రెండోసారీ పాజిటివే వచ్చింది, అప్పుడే మందు మొదలైంది. గర్భం రాకముందు నుంచే ఎకోస్ప్రిన్ 75 (తక్కువ డోసు ఆస్ప్రిన్), ప్రెగ్నెన్సీ టెస్టులో రెండు గీతలు కనబడిన రోజు నుంచి పొట్టలో రోజూ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) సూది. మా ఆయనే వేసేవారు. పొట్టంతా నల్లగా కమిలిపోయేది. మా పాపకు ఇప్పుడు నాలుగేళ్లు.

ఈ యాంటీబాడీలు ఉండి గర్భాలు పోయినవాళ్లలో ఆస్ప్రిన్ ఒక్కటే వాడితే 42 శాతం మందికి, హెపారిన్ కూడా కలిపితే 71 శాతం మందికి బిడ్డలు పుట్టారని 1997లో బ్రిటన్ డాక్టర్లు ప్రచురించారు. తర్వాతి అధ్యయనాలన్నీ అంత తేడా చూపలేదు. అయినా ఈ యాంటీబాడీల సమస్య తేలినవాళ్లకు ఇప్పటికీ ఇచ్చేది ఈ జోడీనే. తేలకుండా మాత్రం వాడకండి. తొలి వారాల్లో పోయే గర్భాల్లో ఎక్కువ భాగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయి, దానికి ఈ సూదులు పనిచేయవు.

టీపీఓ సంగతికొస్తే, ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) చూడండి. అది సరిగ్గా ఉన్నవాళ్లకు థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) ఇచ్చినా లాభం కనబడలేదని 2019లో బ్రిటన్‌లోనే జరిగిన పెద్ద ట్రయల్‌లో తేలింది.

ఇంకోటి, మీకు ఎవరైనా హెపారిన్ రాస్తే, మొదటి సూది పడకముందే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షకు రక్తం ఇచ్చేయండి. మందు ఒంట్లో ఉంటే ఆ ఫలితం తప్పుగా రావచ్చు.