టెక్ సందేహాలు: మడత డ్రోన్ సొంతంగా కట్టుకోవాలంటే

ప్రశ్న: మోటార్లు మోసే చేతుల్ని మడిచి బ్యాగులో పెట్టుకునే డ్రోన్‌ని సొంతంగా తయారు చేసుకుని పైనుంచి ఫొటోలు, వీడియోలు తీయాలని ఉంది. నా దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది. ఫ్రేమ్ మొత్తం దాంతోనే చేసేయొచ్చా? మోటార్లు ఏవి తీసుకోవాలి?

జవాబు: ఫ్రేమ్ సంగతి తర్వాత, ముందు కెమెరాని తూకం వేయండి. చాలామంది మోటార్లు కొనేసి, ఫ్రేమ్ కట్టేసి, చివర్లో కెమెరా తగిలించాక అది సరిగ్గా లేవట్లేదని తల పట్టుకుంటారు. చిన్న యాక్షన్ కెమెరా 150 గ్రాములు, దాన్ని కుదురుగా పట్టుకునే గింబల్ ఇంకో 150 నుంచి 200, నాలుగు సెల్స్ ఉన్న 5000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ దాదాపు అరకిలో, వీటికి మోటార్లు, వాటి వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీలు, జీపీఎస్, వైర్లు, ఫ్రేమ్ కలిపితే కిలోన్నర దాటిపోతుంది. 1600 గ్రాములు అనుకుందాం. నాలుగు మోటార్లూ ఫుల్ థ్రాటిల్‌లో కలిసి ఎత్తగలిగే బరువు దీనికి కనీసం రెట్టింపు ఉండాలి, అంటే ఒక్కో మోటారుకి 800 గ్రాములు తగ్గకూడదు. 2212 సైజు, 920 కేవీ (అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి 920 చుట్లు) మోటారుకి తొమ్మిదిన్నర అంగుళాల రెక్క (ప్రొపెల్లర్) పెడితే నాలుగు సెల్స్ మీద ఆ బలం వస్తుంది, అయినా కొనేముందు తయారీదారు ఇచ్చే థ్రస్ట్ (ఎత్తే బలం) పట్టిక ఒకసారి చూసుకోండి. రేసింగ్ డ్రోన్లకి వాడే 2000 కేవీ పైన మోటార్లు చూసి ఆశపడకండి. అవి చిన్న రెక్కని విపరీతమైన వేగంతో తిప్పడానికి, మనకి కావాల్సింది పెద్ద రెక్క నిదానంగా తిరగడం. ఈ లెక్కలో గాల్లో ఉండేది 15 నిమిషాల ప్రాంతం, అంతకన్నా ఎక్కువ ఊహించుకోవద్దు.

ఇక ప్రింటర్. జీపీఎస్ స్తంభం, కాళ్లు, కెమెరా పెట్టే పళ్లెం, బ్యాటరీ తొడుగు ఇలాంటివి నిక్షేపంగా ప్రింట్ చేసుకోండి. చేతులు మాత్రం కార్బన్ ఫైబర్ గొట్టాలే వాడండి, చెయ్యి మడిచే కీలు దగ్గర అల్యూమినియం పెట్టండి. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో కాసేపు వదిలేస్తే చాలు చేతులు వంకర తిరుగుతాయి. పైగా ప్రింట్ చేసిన ముక్క పొరల మధ్య చీలుతుంది, మోటారు వణుకు సరిగ్గా ఆ పొరల్నే లాగుతూ ఉంటుంది.

మడత డ్రోన్‌లో అసలు కష్టమంతా ఆ కీలే. మామూలు ఫ్రేమ్‌లో చెయ్యి ఒకే ముక్క, ఇక్కడ రెండు ముక్కల మధ్య ఒక బోల్టు. దానికి కాస్త లూజున్నా చెయ్యి వణుకుతుంది, డ్రోన్‌ని నిలకడగా ఉంచే బోర్డు, అంటే ఫ్లైట్ కంట్రోలర్, ఆ వణుకుని డ్రోన్ కదలిక అనుకుని సరిదిద్దబోతుంది, ఆ సరిదిద్దడంతో వణుకు ఇంకా పెరుగుతుంది, దిగాక ముట్టుకుంటే మోటార్లు కాలుతుంటాయి. అందుకే చెయ్యి తెరిచాక ఫ్రేమ్‌లోని ఒక గట్టి గోడకి ఆనుకుని బిగుసుకోవాలి, భారం ఆ గోడ మీద పడాలి గానీ బోల్టు మీద కాదు. మడత ఎటువైపు అన్నది కూడా ముఖ్యం. రెక్క చేతిని పైకి లాగుతుంది కదా, చెయ్యి పైకి మడిచేలా పెడితే ఎగిరినంతసేపూ డ్రోన్ తనని తానే మడుచుకోవడానికి చూస్తుంది, అడ్డుపడేది ఒక్క లాక్ మాత్రమే. కిందికి మడిచేలా పెడితే అదే బలం చేతిని గోడకి అదిమి పడుతుంది. పక్కకి మడిచినా మంచిదే, కాకపోతే కీలుకి పైనా కిందా వెడల్పాటి ప్లేట్లు కావాలి. 2016లో వచ్చిన డీజేఐ మావిక్ ప్రోని గమనించండి, ముందు చేతులు పక్కకి, వెనకవి కిందికి మడుచుకుంటాయి.

కీలు బోల్టుకి నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వణుకుకి వదులవ్వనిది) వాడండి. ఈఎస్‌సీలని మధ్యలో పెట్టి, మోటారు వైపు మూడు వైర్లని పొడుగు చేసుకోండి, బ్యాటరీ వైపువి పొడుగు చేస్తే వోల్టేజీ ఎగుడుదిగుళ్లకి ఈఎస్‌సీలు పాడవుతాయి. మడత పడేచోట టంకం అతుకు ఉండకూడదు, సిలికాన్ వైరు కొంచెం వదులుగా చుట్టి వదలాలి. కార్బన్ గొట్టం అంచుని సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దండి, ఎందుకంటే ఆ అంచు వైరు తొడుగుని కోసేస్తుంది, కార్బన్‌లో కరెంటు పారుతుంది కూడా. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ప్రశ్న: డ్రోన్ కట్టాను, బాగానే ఎగురుతోంది, కానీ వీడియో అంతా జెల్లీలా ఊగుతోంది. గింబల్ మార్చాలా?

జవాబు: వద్దు, డబ్బు దండగ. గింబల్ డ్రోన్ వంగడాన్ని సరిచేస్తుంది, సన్నటి వణుకుని కాదు. కెమెరా సెన్సర్ ఫ్రేముని పైనుంచి కిందికి వరసగా చదువుతుంది, ఆ లోపు కెమెరా వణికితే వరసలు పక్కకి జరిగి గీతలు వంకరగా పడతాయి. రెక్కలన్నీ తీసేసి మోటార్లు తిప్పి చూడండి. వణుకు పోతే తప్పు రెక్కల్లో ఉంది, బ్యాలెన్స్ చేయండి లేదా కొత్తవి వేయండి. పోకపోతే ఏదో మోటారు ఇరుసు వంగి ఉంటుంది. రెండూ బాగుంటే ఇక కీళ్లే, చేతి చివర పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది. ఫ్లైట్ కంట్రోలర్‌లో ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే లాగ్‌లో వణుకుని చూపే వైబ్ అంకెలు చూడండి, 30 లోపుంటే ఫర్వాలేదు, 60 దాటితే ఎగరేయకండి. ఇవన్నీ అయ్యాక గింబల్ కింద మెత్తటి రబ్బరు బంతులు, లెన్స్ మీద వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టండి.

ప్రశ్న: ఒకచోట నిలబెడితే నిలబడకుండా గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పెద్ద వలయం అవుతోంది. జీపీఎస్ పాడైందా?

జవాబు: జీపీఎస్ కాదు, దాని పెట్టెలోనే ఉండే దిక్సూచి. మీ జీపీఎస్ స్తంభం కూడా మడతదే అయ్యుంటుంది, తెరిచిన ప్రతిసారీ అది కాస్త వేరే కోణంలో నిలబడుతోంది. ఎప్పుడూ ఒకే చోట ఆగేలా ఒక గాడి పెట్టండి, బ్యాటరీ వైర్లకి దూరంగా జరపండి, ఆ తర్వాత ఆరుబయట మళ్లీ కాలిబ్రేట్ చేయండి.

ప్రశ్న: 250 గ్రాముల లోపు మడత డ్రోన్ సాధ్యమేనా?

జవాబు: 2019లో వచ్చిన మావిక్ మినీ 249 గ్రాములే, కాబట్టి సాధ్యమే, కానీ ఇంట్లో చేస్తే కీళ్లు, లాకులే బరువంతా తినేస్తాయి, గింబల్‌కి చోటు మిగలదు. గింబల్ వదిలేసి చిన్న కెమెరా పెట్టి, వీడియోని తర్వాత కంప్యూటర్‌లో గైరోఫ్లో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిలకడ చేసుకోండి. కెమెరాలోని స్టెబిలైజేషన్ ఆపేసి తీయాలి, లేకపోతే గైరో (కదలికని కొలిచే సెన్సర్) లెక్కకీ బొమ్మకీ పొంతన కుదరదు. రెండో ప్రశ్నలోని జెల్లీని మాత్రం ఇది కూడా పోగొట్టదు.