టీమ్ చేతికొచ్చిన బుజ్జికి పెదనాన్న ఉత్తరం

ప్రియమైన బుజ్జీ,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా ధ్యాసంతా నీ మీదే ఉంది. పన్నెండు మందికి లీడర్‌వి అయ్యావన్న సంతోషం ఒకపక్క, వారం వారం రిపోర్టు ఆలస్యమవుతోందన్న టెన్షన్ ఇంకోపక్క. దానికి తోడు ట్రైనింగ్‌లో ఇచ్చిన పుస్తకం తెరిస్తే శాస్త్రీయ నిర్వహణ, పరిపాలనా సూత్రాలు, మానవ సంబంధాలు అంటూ ఒకరు చెప్పినదానికి ఇంకొకరు చెప్పినదానికి పొంతన లేదన్నావు. "పెదనాన్నా, వీళ్ళలో ఎవరి మాట వినాలి?" అని అడిగావు. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ సూత్రాలు బట్టీ పట్టడం ఆపు. ఒక్కొక్కరి దగ్గర ఆగి, ఈ మనిషి ఎక్కడ పనిచేశాడు, ఏ ఇబ్బంది పడి ఇది రాశాడు అని చూడు. నాకు ఆ చదువు అలాగే ఒంటబట్టింది.

పరిపాలనా సూత్రాలు రాసిన హెన్రీ ఫేయోల్‌ని తీసుకో. 1861లో ఆయన ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గుగనిలో ఇరవై ఏళ్ళ ఇంజనీరు. ఒకరోజు గనిలో పనిచేసే గుర్రం కాలు విరిగింది. ఇంకో గుర్రాన్ని పంపమని ఫేయోల్ చీటీ రాసిస్తే, గుర్రపుశాల చూసే మనిషి డైరెక్టర్ సంతకం లేదని తిప్పి పంపాడు. డైరెక్టరేమో లేడు. ఆయన లేనప్పుడు ఎవరు సంతకం పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఎంత బతిమాలినా ఆ మనిషి కదల్లేదు, గుర్రం రాలేదు, అక్కడి పని దెబ్బతింది. ఆ కుర్రాడే తర్వాత ఆ కంపెనీని 1888 నుంచి 1918 దాకా నడిపి, 1916లో తన 14 సూత్రాలు అచ్చువేయించాడు. అధికారం, బాధ్యత, ఎవరు ఎవరికి జవాబుదారీ అనే మాటలు చదివేటప్పుడు ఆ గుర్రాన్ని తలుచుకో, పొడి మాటల్లా అనిపించవు. నీ టీమ్‌లోనూ అడిగి చూడు: నువ్వు సెలవులో ఉన్న రోజు రిపోర్టుకి సరే అనాల్సింది ఎవరు? ఆ సంగతి ఆ పన్నెండు మందికీ తెలుసా?

శాస్త్రీయ నిర్వహణ చెప్పిన ఫ్రెడరిక్ టేలర్ తీరు వేరు. ఆయన పైనుంచి కాదు, పని జరిగే చోటు నుంచి మొదలుపెట్టాడు. అమెరికాలోని బెత్‌లెహెమ్ ఉక్కు కర్మాగారంలో ఒక్కొక్కటి 92 పౌండ్ల ఇనుప దిమ్మెల్ని బండికెత్తే కూలీ రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తేవాడనీ, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు ఆగాలో తాను చెప్పి చేయిస్తే నలభై ఏడున్నరకు పెరిగిందనీ ఆయన రాశాడు. ఆ లెక్కల మీద తర్వాతివాళ్ళు చాలా అనుమానాలే లేవనెత్తారు. అదే పద్ధతిలో 1911లో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో ఒక పనివాడి మీద స్టాప్‌వాచ్ పెడితే, అచ్చుపోత పనివాళ్ళు పని వదిలి బయటికి నడిచారు.

ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ప్యాకింగ్ సెక్షన్‌కి సూపర్‌వైజర్ అయిన కొత్తలో గడియారం పట్టుకుని మనుషుల వెనక నిలబడ్డాను. మొదటి వారం లెక్క పెరిగింది. రెండో వారం మొదటికంటే దిగింది, నాతో మాట్లాడేవాళ్ళు కూడా తగ్గారు. చివరికి ఒక పెద్దావిడ నన్ను తన పక్కన నిలబడమంది. "చూడు బాబూ, డబ్బాలు నా కుడిపక్క నుంచి వస్తాయి, టేపు ఎడమపక్క వెనక ఉంటుంది, ప్రతి డబ్బాకీ నడుం తిప్పాలి" అంది. బల్ల తిప్పి వేయించాను, అంతే. నేను నిమిషాలు లెక్కపెట్టినన్నాళ్ళూ ఆమె నడుం తిరగడం నా కంటపడలేదు. టేలర్ చెప్పిన కొలత అవసరమే బుజ్జీ. పని చేసేవాళ్ళని కూర్చోబెట్టుకుని కొలువు, వాళ్ళ వెనక నిలబడి కొలవకు.

షికాగో దగ్గరి హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాలు చెప్పేదీ ఇలాంటిదే. మొదట దీపాల వెలుతురుకీ పనికీ సంబంధం వెతికారు, తేలలేదు. మానవ సంబంధాలన్న చోట వచ్చే హార్వర్డ్ ప్రొఫెసర్ ఎల్టన్ మేయో పేరు వీటితోనే ముడిపడింది. నువ్వు మాత్రం వైర్లు బిగించే గదిలోని 14 మంది మగవాళ్ళ భాగం నిదానంగా చదువు. ఎంత ఎక్కువ చేస్తే అంత కూలి వచ్చే పద్ధతి ఉన్నా, రోజుకు ఇంత చాలని వాళ్ళలో వాళ్ళే ఒక హద్దు పెట్టుకున్నారు. ఎవరైనా దాటితే భుజం కింద ఒక్క గుద్దు గుద్దేవారు. ఇలాంటి హద్దు నీ టీమ్‌లోనూ ఉండే ఉంటుంది. దాన్ని చెరపాలని చూడకు, ఎందుకు పుట్టిందో కనుక్కో. చాలాసార్లు భయం వల్లే పుడుతుంది: ఎక్కువ చేస్తే రేపటి నుంచి అదే టార్గెట్ అవుతుందని.

వీళ్ళందరిలో నాకు ఎక్కువ ఇష్టం మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ రచయిత్రి. హార్వర్డ్ లైబ్రరీ గదిలో ఒకరికి కిటికీ తెరవాలి, ఈవిడకి మూయాలి. పక్క గదిలో ఎవరూ లేరు, అక్కడి కిటికీ తెరిచారు. అవతలి మనిషికి గాలి వచ్చింది, ఈవిడ మీద ఉత్తరపు గాలి నేరుగా కొట్టలేదు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. నీ టీమ్‌లో ఇద్దరు పంతం పట్టినప్పుడు ఎవరు ఏం అడుగుతున్నారన్నది వదిలేసి, ఎందుకు అడుగుతున్నారో అడుగు.

జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ రాసిన నియమాలు, ఫైళ్ళు, పదవుల అంతస్తుల సంగతి ఒకసారి చదివి పక్కన పెట్టు, పన్నెండు మందికి అంత అక్కర్లేదు. బ్రిటిష్ పరిశోధకురాలు జోన్ వుడ్‌వర్డ్‌ని మాత్రం వదలకు. 1950లలో ఇంగ్లండ్‌లోని సౌత్ ఎసెక్స్‌లో దాదాపు వంద కంపెనీలు తిరిగి, ఒక్కొక్కటిగా చేసే సరుకుకీ ఆగకుండా నడిచే ఉత్పత్తికీ ఒకే ఏర్పాటు సరిపడదని ఆవిడ చూపించింది. నీ పక్క టీమ్‌లో బాగా నడిచిన పద్ధతి నీ దగ్గర తడబడితే, తప్పు నీదేనని కుమిలిపోవద్దు. ముందు పని ఒకటేనా కాదా చూసుకో.

ఇక నీ రిపోర్టు సంగతి. సోమవారం ఎవరినీ పిలిచి అడగకు. ఆ రిపోర్టు మొదలుపెట్టే మనిషి పక్కన, ఒప్పుకుంటేనే, కుర్చీ వేసుకుని కూర్చో. అక్కడి నుంచి అది ఎవరి చేతికి వెళ్తే వాళ్ళ దగ్గరికి నువ్వూ వెళ్ళు. ఎవరి సరే కోసం ఎంతసేపు ఆగిందో, ఏ అంకె రెండోసారి టైప్ చేశారో, ఎక్కడ ఎవరు నిట్టూర్చారో కాగితం మీద రాయి. రాసింది వాళ్ళకే ముందు చూపించు, తర్వాత నాకు పంపు. ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న